ఖాలమ్మ చూసిన సూర్యుడు

కంట్లో శుక్లం తీసిన తర్వాత కొన్నాళ్లు గది చీకటిగా ఉంచుకోమన్నాడు డాక్టరు. మా కోడలు కిటికీకి మందపాటి నల్ల కంబళి కట్టింది. వేసవి మధ్యాహ్నం. కంబళి వేడెక్కి గొర్రె ఉన్ని వాసన గదంతా నిండింది. కంట్లో వేసిన చుక్కల చేదు గొంతులోకి దిగుతోంది. కట్టు తీసిన కన్ను మెల్లగా తెరిచేసరికి ఎదుటి గోడ మీద తెల్లని బిళ్ల ఒకటి కనబడింది. కంబళిలో ఎక్కడో పురుగు కొట్టిన చిల్లు ఉన్నట్టుంది. బిళ్ల అంచులు సన్నగా వణుకుతున్నాయి. "ఏంది అత్తమ్మా, గోడను గట్ల సూస్తున్నరు?" అంది కోడలు. "సూర్యుడు" అన్నాను. మందు మత్తు అనుకుందేమో, నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

మెహరున్నిసా బేగంను ఎరిగినవాళ్లు ఇప్పుడు నేను తప్ప ఎవరూ మిగిలినట్టు లేరు. సూర్యాపేటలో మేం కిరాయికున్న ఇల్లు ఆమెది. మధ్యలో వాకిలి, ఇటు రెండు గదులు మావి, అటు మూడు గదులు ఆమెవి. ఖాలా అంటే వాళ్ల భాషలో పిన్ని. దానికి మన అమ్మను తగిలించి నేను ఖాలమ్మ అనేదాన్ని. సన్నగా, పొడుగ్గా ఉండేది. తెల్లటి దుపట్టా. వేళ్ల చివర ఎప్పుడూ పెన్సిలు మసి.

నేను కోదాడ పిల్లను. పెళ్లయి సూర్యాపేటకు కాపురానికి వచ్చేసరికి పోలీసు చర్య ముగిసి కొన్ని నెలలే అయింది. రజాకార్ల భయం పోయింది గాని ఊళ్లకు నెమ్మది రాలేదు. పల్లెల్లో కమ్యూనిస్టుల సంగం దళాలు, రోడ్ల మీద మిలిటరీ లారీలు. ఎవరు ఎవరి మనిషో తెలియక జనం అరుగుల మీద కూర్చుని మాట్లాడుకోవడం మానేశారు. మా ఆయన రాఘవులుది కోదాడ పక్కనున్న చిలుకూరు. వైర్‌లెస్ పని నేర్చుకుని సూర్యాపేట క్యాంపులో ఆపరేటరుగా చేరాడు. కోదాడ, మిర్యాలగూడ క్యాంపులతోనూ, గస్తీకి పోయినవాళ్ల దగ్గరుండే చిన్న సెట్లతోనూ మాట్లాడటం ఆయన పని. ఖాలమ్మ భర్త వకీలు, చాలా ఏళ్ల కిందటే పోయాడు. పిల్లలు లేరు. తోడుగా ఉన్న తమ్ముడు ఆ గడబిడ రోజుల్లో ఒక సాయంత్రం మందులకని బజారుకు వెళ్లి మళ్లీ రాలేదు. ఎవరు తీసుకుపోయారో ఎవరూ చెప్పలేదు. అతని భార్య పిల్లలతో హైదరాబాదు వెళ్లిపోయింది. ఈమె కదలలేదు. ఆనాటి నుంచి గడప కూడా దాటలేదు. కూరగాయలు, కిరోసిన్ నేనే తెచ్చిచ్చేదాన్ని.

ఒక రోజు పొద్దున ఆమె గిన్నె తిరిగి ఇవ్వడానికి వెళ్లాను. లోపలి గదిలో పట్టపగలు చిమ్మచీకటి. "తలుపు జల్ది మూసెయ్యి బిడ్డా, వెలుగు వస్తది" అంది. కిటికీ మొత్తం మూసి, చెక్కకు కోసిన రంధ్రంలోంచి ఒక ఇత్తడి దుర్భిణి పెట్టి ఉంది. దాని నుంచి వచ్చిన వెలుగు ఎదురుగా పీట మీద పరిచిన తెల్ల కాగితం మీద పళ్లెమంత గుండ్రంగా పడుతోంది. ఆ పళ్లెంలో అక్కడక్కడా నల్లటి చుక్కలు. "కాగితం మీద ఏంటి ఖాలమ్మా, ఈ మరకలు?" అన్నాను.

"కాగితం మీద కాదు బిడ్డా. సూర్యుని మీద."

నమ్మలేదు. కాగితం పక్కకు లాగాను. చుక్కలు కాగితంతో రాలేదు, వెలుగులోనే ఉండిపోయాయి. నా చేతి మీద కూడా పడ్డాయి. భయం వేసి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "పొద్దున్నే దండం పెట్టుకునే దేవుడు. ఆయనకు మచ్చలేంటి?" అన్నాను. ఆమె నవ్వింది. "పెట్టు, దండం పెట్టు. మచ్చలున్నోనికి దండం పెట్టొద్దని ఎవరన్నరు?"

ఆమె తండ్రి హైదరాబాదులో ఆకాశాన్ని చూసే సర్కారు కొలువులో ఉండేవాడట. పరదాలో పెరిగే ఆడపిల్లను మేడల మీదికి, మైదానాల్లోకి తీసుకుపోవడం ఆ రోజుల్లో కుదరని పని. అందుకని ఆయన సూర్యుణ్ణే ఇంట్లోకి తెచ్చాడు. చీకటి గదిలో కూతుర్ని కూర్చోబెట్టి మచ్చల బొమ్మలు గీయడం నేర్పాడు. ఆయన పోయాక ఆ దుర్భిణి ఈమెతో సూర్యాపేటకు వచ్చింది. మబ్బు లేని రోజు గీయకుండా ఉండేది కాదు. తమ్ముడి భార్య వెంట ఎందుకు వెళ్లలేదని ఒకసారి అడిగాను. "వాడు తిరిగొస్తే తాళం కప్ప చూసి ఎనుకకు పోతడు గద" అంది. తర్వాత దుర్భిణి మూత తుడుస్తూ, "ఇది గూడ ఉన్నది" అంది.

నాకూ పెన్సిలు ఇచ్చింది. మచ్చ అంచు వెంట గీత గీయాలి. ఊపిరి బిగబట్టాలి, చెయ్యి వణకకూడదు. ఆ మచ్చలు ఒక అంచున పుట్టినట్టు కనబడి, రోజుకు కొంచెం జరుగుతూ రెండో అంచున మునిగిపోతాయి. సూర్యుడు తన చుట్టూ తాను తిరుగుతాడు కాబట్టి పెద్ద గుంపులైతే కొన్ని నెల తిరగకముందే మళ్లీ మొదటి అంచున తేలుతాయి. గూట్లో ఇంకో వింత ఉండేది. పట్టుదారానికి వేలాడదీసిన అయస్కాంతపు సూది, దానికి అంటించిన అద్దం పెంకు, పక్కన చిన్న దీపం. అద్దం నుంచి వెలుగు చుక్క దూరపు గోడ మీద పడేది. సూది వెంట్రుకవాసి కదిలినా అక్కడ చుక్క వేళ్ల వెడల్పున జరుగుతుంది. చుక్క ఉండే చోట ఆమె గోడ మీద బొగ్గుగీత పెట్టుకుంది. సూర్యుడి మీద పెద్ద కలత వస్తే, ఒకటి రెండు రోజులకు ఆ చుక్క గీత దాటి తచ్చాడటం నేనే చాలాసార్లు చూశాను.

మా ఆయన కోపంగా ఇంటికి వచ్చిన ఒక మధ్యాహ్నం ఇవన్నీ ఒకదానితో ఒకటి ముడిపడ్డాయి. "ఏం సెట్లో ఏందో! నడి పొద్దుల సచ్చినట్టు ఆగిపోయింది. ఇప్పి సూస్తే అన్నీ సక్కగనే ఉన్నయి. జర సేపటికి దానంతట అదే పలికింది" అన్నాడు. పరదా అవతలి నుంచి ఖాలమ్మ అడిగింది: "ఆగినప్పుడు గరగర వినొచ్చిందా బాబూ?" ఆయన ఆశ్చర్యపోయాడు. "లేదమ్మా. అదే చిత్రం. ఎప్పుడూ ఉండే గాలి సప్పుడు గూడ పోయింది. బాయిల దిగినట్టు నిశ్శబ్దం."

"అయితే సెట్టుది తప్పు కాదు" అంది ఆమె. "పైన ఆకాశంల అద్దమసోంటి పొర ఒకటుంటది. మీ మాట దానికి తగిలి కోదాడల పడతది. మచ్చల కాడ ఒక్కోపారి భగ్గున మండుతది. ఆ వెలుగు ఈడికి వచ్చిందంటే గా అద్దం కింద పొగ కమ్మినట్టు అయితది. మాట పోతది, కని తిరిగి రాదు. పొద్దు ఉన్న తావుల అంతటా గట్లనే. చీకటి పడ్డంక ఏం కాదు."

అప్పటి నుంచి ఆమె చెబుతూ ఉండేది: ఈ రెండు మూడు దినాలు నడి పొద్దున జర పైలం, జరూరు కబుర్లుంటే పొద్దుగాలనే పంపుకోండి అని. కొన్నిసార్లు చెప్పినట్టే జరిగేది. చాలాసార్లు జరిగేది కాదు. మా ఆయన నవ్వేవాడు. "ఖాలమ్మా, మీ సూర్యుడు ఇయ్యాల సెలవు పెట్టిండు." ఆమె నొచ్చుకునేది కాదు. "నిజమే బాబూ, తప్పింది" అనేది. ఎందుకు తప్పిందో చూడటానికి వెంటనే పాత బొమ్మల ముందు కూర్చునేది.

ఎండలు ముదిరిన ఒక రోజు మిట్టమధ్యాహ్నం తిరుమలగిరి వైపు గస్తీకి పోయిన జవాన్ల మీద దాడి జరిగింది. వాళ్లు సాయం కోసం సెట్టులో మళ్లీ మళ్లీ పిలిచారు. సూర్యాపేట పలకలేదు. కోదాడ పలకలేదు. మిర్యాలగూడా పలకలేదు. సాయం చేరేసరికి ఒక జవాను ప్రాణం పోయింది. మర్నాడు మా ఆయన ఇంటికి రాలేదు. సాయంత్రం ఒక కానిస్టేబులు గుమ్మం దగ్గర నిలబడి, అటూ ఇటూ చూసుకుంటూ చెప్పాడు. "మీ ఆయనను మిర్యాలగూడకు తీస్కపోయిన్రమ్మా. కోదాడ ఆపరేటరును గూడ. మిర్యాలగూడాయన ఆడనే ఉండె. మూడు సెట్లు ఒక్కపాలి ఆగినయంటే ముగ్గురు కూడబలుక్కున్నరని అంటున్నరు. మీ ఆయన సుట్టం ఎవరో సంగంల ఉన్నడట గద?"

చిలుకూరులో మా ఆయనకు వరుసకు అన్న ఒకతను సంగంలో ఉన్న మాట నిజమే. అతని ముఖం కూడా నేను చూడలేదు. ఆ రోజుల్లో క్యాంపుకు తీసుకుపోయినవాళ్ల గురించి ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. వాకిలి దాటి ఖాలమ్మ కాళ్ల దగ్గర కూలబడ్డాను. "మీకు తెలుసు కదా. సూర్యుడి వల్లేనని మీకు తెలుసు. వచ్చి చెప్పండి ఖాలమ్మా."

ఆ వేళ పొద్దున్నే ఆమె సూది చుక్క బొగ్గుగీత దాటి పోవడం చూసింది. కిందటి రోజు మధ్యాహ్నం సూర్యుడి మీద ఏం జరిగిందో ఆమెకు అనుమానమే లేదు. భయం దాని గురించి కాదు. తమ్ముడు పోయిన దారి అది. తలుపు వైపు చూసింది, తన చేతుల వైపు చూసుకుంది. తర్వాత లేచి పెట్టెలోంచి బురఖా తీసి దులిపింది. దుర్భిణిని కిటికీ నుంచి విప్పి బొంతలో చుట్టింది. సూదిని దూదిలో పెట్టి నా చేతికిచ్చింది. "కిందేసేవు. పైలం" అంది.

మర్నాడు బస్సులో మిర్యాలగూడ బయలుదేరాం. దారిలో జవాన్లు బస్సు ఆపారు. అందరినీ దించి మూటలు విప్పమన్నారు. బొంత విప్పగానే ఇత్తడి గొట్టం తళుక్కుమంది. ఒక జవాను వెనక్కి దూకి తుపాకీ ఎత్తాడు. బస్సులోవాళ్లంతా మాకు దూరంగా జరిగారు. ఖాలమ్మ గొంతు తగ్గించలేదు. "ఇందులో గుండు లేదు నాయనా, అద్దాలున్నాయి. చూడు" అని ఉర్దూలో చెప్పి, గొట్టాన్ని దూరంగా ఉన్న తుమ్మచెట్టు వైపు తిప్పి పట్టుకుంది. అతను అనుమానంగానే కన్ను పెట్టాడు. కాసేపు కదలలేదు. "చెట్టు తలకిందులుగా ఉంది" అన్నాడు. పక్కవాడు కూడా చూశాడు. ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వారు. మమ్మల్ని బస్సెక్కనిచ్చారు. సీట్లో కూర్చున్నాక ఖాలమ్మ నా చెయ్యి పట్టుకుని, ఊరు వచ్చేదాకా వదల్లేదు.

మిర్యాలగూడ క్యాంపులో కెప్టెన్ ఉత్తరాది మనిషి. నిద్ర లేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి. ఖాలమ్మ ఉర్దూ ఆయనకు అర్థమయింది, ఆయన హిందుస్తానీ నాకు కొంత అర్థమయింది. ఆమె చెప్పిందంతా అడ్డు తగలకుండా విన్నాడు. చివరకు అన్నాడు: "చనిపోయిన కుర్రాడు మా ఊరివాడు. వాళ్లమ్మ నాకు అప్పగించి పంపింది. నీ కొడుకును సూర్యుడు చంపాడని ఆమెకు రాయమంటారా?"

"చంపినవాళ్లెవరో నాకు తెలియదు సాబ్. సెట్లు ఎందుకు మూగబోయాయో అది మాత్రం తెలుసు."

"అయితే మళ్లీ ఎప్పుడు మూగబోతాయో చెప్పండి. ఏ రోజు? ఏ వేళ? మీరు చెప్పిన రోజున జరిగితే నమ్ముతాను."

నేను ఆమె బురఖా కొస పట్టుకుని లాగాను. ఏదో ఒక రోజు చెప్పమని. ఆమె నెమ్మదిగా చెప్పింది. ఆ పెద్ద మచ్చల గుంపు అవతలి అంచుకు పోతోంది, మునిగిపోతుంది. చెదిరిపోకుండా ఉంటే తిరిగి ఇవతలి అంచున తేలుతుంది. అది నడిమికి వచ్చే వారంలో పగటిపూట ఇలాంటిది జరిగే అవకాశం ఎక్కువ. జరగకపోవచ్చు కూడా. రోజు చెప్పలేను. కెప్టెన్ బల్ల మీద అరచెయ్యి చరిచాడు. "కావచ్చు, కాకపోవచ్చు! చిలక జోస్యం చెప్పేవాడు నయం కదా!" అయినా ఏమనుకున్నాడో, ఆ వారం గడిచేదాకా ముగ్గురినీ అక్కడే ఉంచుతాననీ, ఏమీ జరక్కపోతే హైదరాబాదు పంపేస్తాననీ అన్నాడు. అక్కడికి పంపినవాళ్లు తొందరగా తిరిగి వచ్చే రోజులు కావు అవి.

బయటికి రాగానే ఏడుస్తూ అరిచాను. "ఒక్క రోజు చెప్తే ఏం పోయేది? మీకేం, మీ మనిషి కాదు కదా లోపల ఉన్నది!" ఆమె ముసుగు ఎత్తి నా వైపు చూసింది. "గట్టిగ ఒక దినం చెప్పి, గా దినం సూర్యుడు ఊకుంటే? మొదలే వాళ్లను అబద్ధాలకోర్లంటున్నరు. నా నోట గూడ అబద్ధమొస్తే ఇగ వాళ్లకు దిక్కెవరు బిడ్డా? సూర్యుడు నా నౌకరు కాదు. తెలిసిన కాడికే నా మాటకు విలువ." నాకు ఆ విలువ అక్కర్లేదు. నాకు మా ఆయన కావాలి. ఆ పూట ఆమెతో మాట్లాడలేదు.

గుంపు మునిగి తేలేదాకా మిర్యాలగూడలో ఒక ముసలమ్మ ఇంట్లో తలదాచుకున్నాం. రోజూ క్యాంపు గేటు దాకా వెళ్లేదాన్ని. లోపలికి పోనిచ్చేవారు కాదు. గేటు ఎదురుగా ఎండలో కూర్చునేదాన్ని. ఖాలమ్మ కూడా వచ్చి, ఆ నల్ల బురఖాలో, నా పక్కన నేల మీద కూర్చునేది. మండుటెండ, లారీల దుమ్ము. చెంబులో నీళ్లు తను తాగకముందు నాకు పట్టేది.

గుంపు మళ్లీ అంచున కనబడిన రోజున కెప్టెన్ గేటు లోపల వైర్‌లెస్ డేరా పక్కనే ఒక డేరా ఇచ్చాడు, కాపలాతో సహా. దాని గుడ్డకు చిల్లు పెట్టి దుర్భిణి బిగించాం. సూదిని కూడా వేలాడదీసి, చుక్క పడే చోట ఒక చెక్క మీద బొగ్గుగీత పెట్టాం. గుంపు చెదరలేదు, ఇంకా పెద్దదయింది. ఆమె మచ్చ మచ్చనూ గీస్తుంటే నేను కాగితం పట్టుకునేదాన్ని. అది నడిమికి వచ్చింది. ఒక రోజు పోయింది. ఇంకో రోజు పోయింది. పక్క డేరాలో సెట్టు రోజంతా గరగరలాడుతూ, మాట్లాడుతూనే ఉంది. ఎవరో చచ్చిపోతున్నప్పుడు ఊపిరి వినడానికి చెవి పెట్టినట్టుండేది నా పని. తేడా ఏంటంటే, ఆ ఊపిరి ఆగాలని నేను మొక్కుకుంటున్నాను.

ఒక పొద్దున మచ్చలు ఒకదానిలో ఒకటి చిక్కుపడినట్టు మారిపోయాయి. ఖాలమ్మ పెన్సిలు పక్కన పెట్టేసింది. ఆ మధ్యాహ్నమే ఒక దళం హుజూర్‌నగర్ వైపు గస్తీకి బయలుదేరుతోందని కాపలా జవాను మాటల్లో విన్నాం. ఆమె నేరుగా కెప్టెన్ దగ్గరికి నడిచింది. "నడి పొద్దులో సెట్టును నమ్ముకుని మీవాళ్లను పంపకండి. సాయంత్రం పంపండి" అంది.

"ఖాయమా?"

"ఖాయం కాదు. కానీ వాళ్లలో నా తమ్ముడుంటే పంపను."

ఆమె తమ్ముడి సంగతి ఆయనకు అప్పటికే ఎవరో చెప్పి ఉంటారు. ఆమె కళ్లలోకి చూసి, చూపు తిప్పుకున్నాడు. గస్తీని సాయంత్రానికి మార్చాడు. మధ్యాహ్నం గడిచింది. సెట్టు మాట్లాడుతూనే ఉంది. సూర్యుడు వాలిపోయాడు. ఏమీ జరగలేదు.

వారం ముగిసింది. గుంపు అవతలి అంచు వైపు జారిపోయింది. ఖాలమ్మ తనంతట తానే వెళ్లి చెప్పింది. "నా అంచనా తప్పింది సాబ్. కానీ ఆ రోజు సెట్లు ఆగిన కారణం మాత్రం నేను చెప్పిందే." కెప్టెన్ కాగితాల్లోంచి తలెత్తలేదు. "రేపు పొద్దున లారీ పోతుంది" అన్నాడు. ఆ మాటకు నేను ఏడవను కూడా లేదు.

మర్నాడు పొద్దెక్కాక ముగ్గురినీ తీసుకొచ్చారు. మా ఆయనను అన్నాళ్లకు అప్పుడే చూడటం. గడ్డం పెరిగి, ముఖం వాచి ఉంది. కుడిచేతికి మురికి గుడ్డ చుట్టి ఉంది. నన్ను చూసి ఏదో అనబోయాడు, జవాను ముందుకు నెట్టాడు. ఖాలమ్మ ఆ వేళ కూడా డేరాలో కాగితం ముందు కూర్చునే ఉంది. ఇంకా ఎందుకో నాకు అర్థం కాలేదు. లారీ ఇంజను మోగుతోంది. ఖైదీలను హైదరాబాదు పంపుతున్నట్టు చెప్పడానికి కెప్టెన్ తానే హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని కోదాడతో మాట్లాడుతున్నాడు. మాట మధ్యలో ఆగాడు. "హలో" అన్నాడు. మళ్లీ "హలో, హలో". ఆపరేటరు వంగి ఏవో తిప్పాడు. సూర్యాపేటను పిలిచాడు. కెప్టెన్ చెవులకున్నవి తీసి చూసి, మళ్లీ పెట్టుకున్నాడు. డేరా గుడ్డ ఎత్తి ఉండటం వల్ల నాకు ఆయన ముఖం కనబడుతోంది. ఎవరో వెనుక నుంచి పిలిచినట్టు మెల్లగా లేచాడు. "గాలి చప్పుడు కూడా లేదు" అన్నాడు, ఎవరితోనో తెలియదు.

సెట్టు పలికేదాకా లారీ అక్కడే నిలిచిపోయింది. అందరం ఎండలో నిలబడే ఉన్నాం. ఎంతసేపో నేను చెప్పలేను. ముందు సన్నగా గరగర, తర్వాత నూతిలోంచి వచ్చినట్టు మాట. కోదాడ ఆపరేటరు అడుగుతున్నాడు: "మిర్యాలగూడా, ఎందుకు పలకడం లేదు? మీ సెట్టుకేమైంది?" వెనుకే సూర్యాపేట కూడా అదే అడిగింది. ఆ రెండు చోట్లా ఇప్పుడు ఉన్నది కెప్టెన్ సొంత మనుషులు. పాత ఆపరేటర్లు ముగ్గురూ చేతులు కట్టి లారీ పక్కన నిలబడి ఉన్నారు.

కెప్టెన్ డేరాలోకి వచ్చాడు. నేను ఆయన కాళ్ల మీద పడబోతుంటే ఖాలమ్మ భుజం పట్టి ఆపింది. "సాబ్, నేను చెప్పిన దినాల్లో ఇది రాలేదు. దీన్ని నా లెక్కలో వేయకండి" అంది. ఈ మనిషి ఇప్పుడు కూడా ఇలా అంటుందేమిటి! ఆమె సూది వైపు చూపించింది. "ఒకటి రెండు రోజులు ఆగగలిగితే ఆగండి. దీని వెనుక ఈ సూది కదలవచ్చు. కదిలితే మీ కళ్లతో మీరే చూస్తారు." ఆయన లారీ ఇంజను ఆపించాడు.

మర్నాడంతా ఆయన వచ్చి పోతూనే ఉన్నాడు. మధ్యాహ్నం తిరిగాక చుక్క గీత మీద నుంచి కదిలింది. ముందు కొంచెం, తర్వాత వేళ్ల వెడల్పు. వెనక్కి వచ్చి, మళ్లీ పోయింది. గాలి లేదు. ఎవరూ ముట్టుకోలేదు. కెప్టెన్ ఊపిరి కూడా దూరం నుంచే పీలుస్తూ నిలబడ్డాడు. చాలాసేపటి తర్వాత, "వాళ్లను వదిలేయండి" అన్నాడు. డేరా బయటికి పోతూ ఆగి ఖాలమ్మతో అన్నాడు: "ఆ కుర్రాడి అమ్మకు ఏం రాయాలో మాత్రం నాకు ఇప్పటికీ తెలియడం లేదు." ఆమె అరచేతులు చాచి, పోయిన ఆ కుర్రాడి కోసం పెదవుల్లోనే దువా చేసింది. ఆయన టోపీ తీసి, అది అయ్యేదాకా నిలబడ్డాడు.

మా ఆయన ప్రాణాలతో వచ్చాడు గాని చెయ్యి రాలేదు. విరిగిన వేళ్లు వంకరగా అతుక్కున్నాయి. మళ్లీ సెట్టు ముందు కూర్చోలేదు. ఇల్లు గడవాలి. దవాఖానలో నర్సు పని నేర్పుతున్నారని తెలిసినప్పుడు మా అత్తవారు ఒప్పుకోలేదు. ఖాలమ్మే వాళ్లతో మాట్లాడింది. నాతో మాత్రం ఇంతే అంది: "నీ గీత వణకదు. సూదిమందు ఇచ్చేటోళ్లకు గా చెయ్యే కావాలె. పో." నేను హుజూర్‌నగర్‌లో పని చేస్తున్నప్పుడు ఆమె పోయింది. కబురు ఆలస్యంగా అందింది. నేను వెళ్లేసరికి మట్టి కూడా ఆరిపోయింది. తమ్ముడు రాలేదు. చివరిదాకా ఆ తలుపుకు తాళం పడలేదని పక్కింటివాళ్లు చెప్పారు.

ముప్పై ఏళ్లకు పైగా దవాఖానల్లో పని చేశాను. మంచం పక్కన నిలబడి తల్లులు, భార్యలు నా చెయ్యి పట్టుకుని అడిగిన మాట ఒక్కటే. "సిస్టరమ్మా, బతుకుతడా? గట్టిగ ఒక్క మాట చెప్పు." నా తోటివాళ్లు కొందరు బతుకుతాడని చెప్పి వెళ్లిపోయేవారు. కొందరు దేవుడి మీద వేసి వెళ్లిపోయేవారు. నాకు ఆ రెండూ చేతకాలేదు. జ్వరం ఎంత తగ్గిందో, ఊపిరి ఎట్లా ఉందో, ఏది నాకు తెలుసో, ఏది తెలియదో చెప్పేదాన్ని. కొందరు తిట్టేవారు. క్యాంపు గేటు ముందు నేను అరిచినట్టే అరిచేవారు. పడేదాన్ని. తర్వాత స్టూలు లాక్కుని, నా డ్యూటీ అయిపోయినా సరే, వాళ్ల పక్కన కూర్చునేదాన్ని.